మట్టిలో పెట్టిన రాకెట్

ఇరవై ఒక్క ఏళ్ళ కిందట మట్టిలో పెట్టిన వస్తువు ఇప్పుడు హైదరాబాదులో అద్దాల వెనక నిలబడి ఉంది. దీవెన కవరు చింపి దాని ఫోటో బయటికి తీసిన చోట పోయిన వారం మనం ఆగాం. ఉత్తరంలో ఉన్నవి నాలుగు ముక్కలే. బాల్ బ్యాడ్మింటన్‌లో ఒకప్పుడు రాష్ట్రానికి పేరు తెచ్చిన బొగ్గుగని జట్టుకు కొత్తగా తెరిచిన క్రీడా కీర్తి మందిరంలో చోటు ఇస్తున్నారు. అందరూ హాల్ ఆఫ్ ఫేమ్ అంటున్న ఆ మందిరానికి నవంబరు పద్దెనిమిది, శనివారం నాడు కుటుంబంతో రావాలి. కింద ఇంకో వాక్యం: ‘మీరు పంపిన స్వర్గీయ సంసోను గారి రాకెట్‌ను అద్దాల పెట్టెలో భద్రంగా ఉంచాము. ఫోటో జతచేశాము.’

దీవెన గానీ తల్లి గానీ ఏ రాకెట్టూ పంపలేదు. తండ్రి సంసోను రాకెట్టు ఆయన సమాధిలో ఉంది. ఆయన భార్య విశ్రాంతమ్మ దాన్ని తన చేతులతో శవపేటికలో పెడుతుంటే ఆరేళ్ళ దీవెన పక్కన నిలబడి చూసింది. మూత మీద మేకులు దిగుతున్న చప్పుడు ఇప్పటికీ ఆమె చెవిలో ఉంది.

ఫోటో వచ్చిన రోజు నుంచీ దాన్ని తల్లి కంట పడనీయలేదు. ఉత్తరంలో ఆహ్వానం వరకే చదివి వినిపించింది. ఆ మాట విన్న గంట నుంచి విశ్రాంతమ్మ కాళ్ళు నేలమీద నిలవలేదు. బొగ్గుగని కంపెనీ దవాఖానాలో ఇరవై ఏళ్ళు ఆయాగా చేసి నిరుడే రిటైరైన మనిషి. కొత్తగూడెం, ఖమ్మం తప్ప మూడో పట్నం ఎరగదు. హైదరాబాదు అనగానే ట్రంకుపెట్టెలోని మూడు మంచి చీరలూ తీసి ఎండలో ఆరేసింది. నీలంది కట్టాలా, తెల్లంచుది కట్టాలా అని నల్లమద్దిగూడెంలోని ఆడవాళ్ళందరినీ అడిగింది. దారిలో తినడానికి సకినాలు చెయ్యాలా, చేగోడీలు చెయ్యాలా అని తేల్చుకోలేక రెండూ చేసి డబ్బాలకెత్తింది.

“ఆడ మీ నాయన బొమ్మ ముందర ప్రార్థన చేసుకోనిస్తరా? చెప్పులు బయటనే ఇడవాల్నా?” అని రోజుకు పదిసార్లు అడిగేది.

“గుడి కాదమ్మా. మ్యూజియం లెక్కనే.”

“ఏదైతేంది. ఆయన ఉన్న చోటు గదా.”

తల్లి మామూలుగానే అంది. దీవెన మాత్రం ఫోటో ఉన్న సంచిని దగ్గరికి లాక్కుంది.

దీవెన తల్లాడలో ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్. అడవి పల్లెల నుంచి చలిజ్వరంతో వచ్చేవాళ్ళ రక్తపు చుక్కల్లో పొద్దస్తమానం మలేరియా వెతకడం ఆమె పని. తన కంటితో చూసుకోనిదే ఏదీ రాసి ఇవ్వదు. గురువారం మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఫోటోను బల్లమీద పరిచి భూతద్దం పెట్టింది. రాకెట్టు మెడ దగ్గర చీలిక. దానికి బిగించి చుట్టిన రాగితీగ. పిడి మీద ఒక అక్షరం: ‘దీ’. పలక మీద దిద్దుతున్న రోజుల్లో మేకుతో గీకింది తనే. గుడిదీర్ఘం ఎటు తిప్పాలో తెలియక వెనక్కి తిప్పింది. నాయన కోప్పడలేదు. ‘ఇగ ఈ బ్యాటు నీదే బిడ్డా, నేను కిరాయికి ఆడుతున్న’ అని నవ్వాడు. ఆ వెనక్కి తిరిగిన దీర్ఘం ఫోటోలో ఉంది.

అంతవరకైతే ఎవడో దొంగ సమాధి తవ్వాడనుకునేది. కాని రాకెట్టుకు అల్లిన తీగలు అలా అనుకోనివ్వలేదు. అన్నేళ్ళు మట్టిలో ఉన్న తీగలు మిగలవు. ఇవి బిగువుగా మెరుస్తున్నాయి. వాటి సందుల్లో పసుపుపచ్చని నూగు చిక్కుకుని ఉంది. ఉన్ని బంతిని బలంగా కొట్టినప్పుడు అంటుకునే నూగు అది. ఆట అయిపోయాక నాయన ఒళ్ళో కూర్చుని ఆ నూగును వేళ్ళతో ఏరడం చిన్నప్పుడు ఆమెకు పెద్ద సరదా. ఎక్కువ రోజులు నిలవదు, గాలికే ఎగిరిపోతుంది. అంటే ఎవరో ఈ మధ్యనే ఆ రాకెట్‌తో ఆడారు.

వెంటనే ఉత్తరంలోని నంబరుకు ఫోన్ చేసింది. మందిరం చూసుకునే హరిప్రసాద్ సెలవులో ఉన్నాడని ఎవరో చెప్పారు. నల్లమద్దిగూడెంలో సెల్‌ఫోన్లు పలకవు. ఊళ్ళో లాండ్‌ఫోన్ ఉన్నది గురవయ్య మామ ఇంట్లోనే. ఆ నంబరు ఇచ్చి, రాగానే మాట్లాడమని చెప్పింది.

ఆదివారం పొద్దున మంచు విడవలేదు. చర్చిలో ఆరాధన ముగిసి అందరూ చేతులు కలుపుకుంటూ బయటికి వస్తుంటే, దీవెన తల్లిని ముందు గురవయ్య ఇంటికి పంపించి తను సమాధుల తోట వైపు నడిచింది. ఊరు చివర టేకు ప్లాంటేషన్ మొదలయ్యే చోట ఉంటుంది ఆ తోట. అవతల ఇక అడవే. ఆ వేళకు చెట్ల మీద పిట్టల గోల వినిపించాలి. ఆ రోజు ఒక్క పిట్టా పలకలేదు. మంచు చినుకులు టేకాకుల మీది నుంచి జారి కిందపడే టప్‌టప్ తప్ప ఇంకో శబ్దం లేదు.

నాయన సమాధి మూడో వరసలో చివరిది. దీవెన మోకాళ్ళ మీద కూర్చుని సమాధి మీది రాతిపలక చుట్టూ చూసింది. సిమెంటు అతుకు ఎక్కడా విడలేదు. పలక అంచు మీంచి దిమ్మె మీదికి పాకిన ముసలి నాచు పొర ఎక్కడా తెగలేదు. దాని కింద చీమలు ఎప్పుడో పెట్టుకున్న మట్టి గూడు చెక్కు చెదరలేదు. ఆ పలకను ఎవరూ కదిలించలేదు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా కదిలించలేదు.

లేవబోతూ చెయ్యి ఆనించింది. అప్పుడు గమనించింది. చుట్టూ ఉన్న పలకలన్నీ మంచుకు తడిసి నల్లగా నిగనిగలాడుతున్నాయి. నాయన పలక ఒక్కటే పొడిగా ఉంది. ఎండలో ఆరిన అరుగులా పొడిగా, అరచేతికి గోరువెచ్చగా ఉంది.

దీవెన వెనక్కి తిరిగి చూడకుండా ఊళ్ళోకి నడిచింది. నడుస్తున్నానని అనుకుంది గాని గురవయ్య గేటు చేరేసరికి రొప్పుతోంది.

గురవయ్య ఆ జట్టుకు కెప్టెన్. సంసోనుకు ప్రాణస్నేహితుడు. ఇప్పుడు అరవై అయిదు దాటాయి, మోకాళ్ళు అరిగాయి, ఒళ్ళు బరువెక్కింది. విశ్రాంతమ్మను ‘చెల్లె’ అంటాడు. దీవెన చదువుకు ఫీజు కట్టిన రోజూ, ఆమెకు టైఫాయిడ్ వస్తే మంచం పక్కన మేలుకున్న రోజూ ఆయన తన పని అన్నట్టే చేశాడు. జట్టులో ఇంకో ఇద్దరిలో ఒకరు కాలం చేశారు. ఒకరు హైదరాబాదులోనే కొడుకు దగ్గర ఉంటున్నారు.

దీవెన వెళ్ళేసరికి వసారాలో ప్రయాణం ముచ్చట జోరుగా సాగుతోంది. గురవయ్య పాత క్యాలెండరు కాగితం వెనక బండి బొమ్మ గీసి సీట్ల మీద పేర్లు రాస్తున్నాడు. కిరాయికి మాట్లాడిన సుమో డ్రైవరు పూల్‌సింగ్ గోడకు ఆనుకుని చాయ్ తాగుతున్నాడు.

“పొద్దుగాల నాలుగింటికే ఎల్లాలె సార్,” అన్నాడు పూల్‌సింగ్. “తల్లాడ, వైరా, ఖమ్మం. సూర్యాపేటల టిఫిను. వాంతులయ్యేటోళ్ళు ఎవలన్న ఉంటే ముందు సీట్ల కూసోవాలె.”

“నాకేం కావు,” అంది విశ్రాంతమ్మ రోషంగా. “బస్సులల్ల తిరిగినదాన్నే.”

“ఏన్కూరు బస్సు వేరు, హైదరాబాద్ రోడ్డు వేరు చెల్లె. నువ్వే ముందు కూసో,” అని గురవయ్య నవ్వుతూ పేరు రాశాడు. “ఆ దినం నేను బ్లేజరు తొడుగుతున్న. పొద్దున తొడిగి చూసిన, గుండీలు పడతలేవు. అయినా తొడుగుతా.”

పూల్‌సింగ్ ఇంకో కిరాయి ఉందని లేచిపోయాడు. గురవయ్య భార్య బతుకమ్మ పత్తి ఏరే కూలీలకు నీళ్ళు తీసుకుని చేనుకు వెళ్ళింది. వసారాలో ముగ్గురే మిగిలారు. దీవెన సంచిలోంచి ఫోటో తీసి, సీట్ల బొమ్మ మీద పెట్టింది.

“మామా, ఇది చూడు.”

గురవయ్య కళ్ళద్దాలు సవరించుకుని వంగాడు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన చేతిలోని పెన్ను జారి కాగితం మీద దొర్లింది. విశ్రాంతమ్మ ఏమిటోనని మెడ చాచింది. ఆమె మొహంలో నవ్వు అలాగే ఉండి, కళ్ళలోంచి మాత్రం ఆరిపోయింది.

“ఇది మీ నాయన బ్యాటు,” అంది మెల్లగా.

“అవ్. ఆ హాల్‌ల పెట్టిన్రు. మనం పంపినం అని రాసిన్రు.”

“సంసోనుకు రెండు బ్యాట్లు ఉండేటియి బిడ్డా,” అని గురవయ్య గబగబా అందుకున్నాడు. “రెండోది ఎవలకో ఇచ్చి ఉంటడు. వాళ్ళు తెచ్చి ఇచ్చిన్రు. గంతే.”

“రెండో దానికి కూడా నేను మేకుతోటి అక్షరం గీకిన్నా మామా?”

దీవెన భూతద్దం ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని కంటిదాకా ఎత్తలేదు.

“పొద్దున సమాధి కాడికి పోయొచ్చిన. పలక కదల్లే. నాచు కూడా తెగలే. బ్యాటు ఎట్ల బయటికొచ్చింది? నాకు ఒక్కటే తోవ కనపడుతుంది. రేపు పాస్టరు గారికి చెప్పి, అర్జీ పెట్టి ఆ సమాధి తీయిస్తా. లోపల ఉందో లేదో చూసినంకనే హైదరాబాద్ ముచ్చట.”

“వద్దు!”

ఆ కేక విని పెరట్లో కోళ్ళు చెదిరిపోయాయి. గురవయ్య లేవబోయి మోకాలు పట్టక మళ్ళీ కూలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది. మంచు పట్టిన నవంబరు పొద్దున ఆయనకు చెమట పట్టడం దీవెన ఎప్పుడూ చూడలేదు.

“ఎందుకు వద్దు మామా?”

“చచ్చినోళ్ళను కదిలిస్తరా ఎవలన్న...”

“ఎందుకు వద్దు?”

ఆయన విశ్రాంతమ్మ వైపు చూశాడు. ఆమె ఫోటో నుంచి కన్ను తిప్పలేదు. గురవయ్య తల వంచుకుని మొదలుపెట్టాడు.

“నీకు ఎర్కే గదా బిడ్డా. కూనవరంల టోర్నమెంటు గెల్సి లాంచీల భద్రాచలం తిరిగొస్తున్నం. ఎనభై అయిదు, జూలై. గోదారి ఎర్రగ పొంగింది. లాంచీ తిరగబడ్డది. అందరం ఏదో ఒకటి పట్టుకోని ఒడ్డుకు పడ్డం. బ్యాట్ల సంచి కూడా తేలొచ్చింది. మీ నాయన, పగిడయ్య, ఇద్దరే రాలే.”

పగిడయ్య పేరు దీవెనకు తెలుసు. జట్టులో అయిదోవాడు. ముందూ వెనకా ఎవరూ లేని బ్రహ్మచారి. అతని శవం దొరకనే లేదని, సముద్రానికి కొట్టుకుపోయిందని చెప్పుకునేవారు.

“నాలుగో దినం ఒక్కటే దొరికింది,” అన్నాడు గురవయ్య. “కూనవరానికి దిగువన, రెల్లుగడ్డిల చిక్కుకోని. గుర్తుపట్టనీకి పోలీసోళ్ళు నన్ను తీస్కపోయిన్రు. మొఖం లేదు బిడ్డా. ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే తీరు బనీను. ఎవలు ఇతను అని అడిగిన్రు. నేను నడుం దిక్కు చూసిన. ఎర్ర మొలతాడు ఉంది.”

దీవెనకు తెలుసు. నాయన ఎన్నడూ మొలతాడు కట్టలేదు.

“గని ఆఫీసుల ముందుగాల్నే అడిగి ఉన్న. శవం దొరక్కుంటే ఏడేండ్లు ఆగాలె, అప్పటిదాక పెండ్లానికి నౌకరి రాదన్నరు. ఏడేండ్లు మీరిద్దరు ఏం తిందురు? పగిడయ్య కోసం ఏడ్చేటోళ్ళు ఎవలున్నరు? పోలీసాయన అటు తిరిగి బీడీ ముట్టించుకుంటున్నడు. గడ్డి కోసేటాయన కొడవలి ఆడనే ఉంది. ఆ తాడు కోసి గోదాట్లకు ఇసిరేసిన. సంసోనే అని సంతకం పెట్టిన.” ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. “చెల్లె, నిన్ను మోసం చేసిన. ఇంకొకని పీనుగను నీ వాకిట్ల పెట్టి నీతోటి ఏడిపించిన. గందుకే ఈస్టరు నాడు నువ్వు ఎంత పిలిచినా సమాధి కాడికి రాకపోయేటోన్ని.”

ఏటా ఈస్టరు తెల్లవారుజామున సమాధికి సున్నం వేసి, కొవ్వొత్తులు పెట్టి, ఆ పలక మీద తల ఆనించి తను చెప్పుకున్న ముచ్చట్లు దీవెనకు గుర్తొచ్చాయి. పది పాసైన సంగతి, ఉద్యోగం వచ్చిన సంగతి అన్నీ ఒక పరాయివాడికి చెప్పుకుంది. కోపం ముంచుకొచ్చింది. కాని ఎదురుగా ఉన్నది తనకు అన్నం పెట్టించిన మనిషి. తిట్టడానికి నోరు రాలేదు. తల్లి కుప్పకూలుతుందేమోనని ఆమె భుజం పట్టుకుంది.

విశ్రాంతమ్మ కూలలేదు.

“నాకు ఎర్కే అన్నా,” అంది.

గురవయ్య మొహం మీంచి చేతులు తీశాడు.

“కాళ్ళకు తెల్లబట్ట సుట్టింది నేనే గదా. ఆయనకు ఎడమకాలి చిటికెనేలు లేదు. చిన్నప్పుడు కట్టెలు కొడుతుంటే గొడ్డలి దెబ్బకు పోయింది. ఆ కాళ్ళకు పది వేళ్ళు ఉన్నయి. ఒకసారి లెక్కపెట్టిన. మల్ల లెక్కపెట్టిన. నా మొగుడు కాదని లేచి అరుద్దామనుకున్న.” ఆమె కూతురి వైపు తిరిగింది. “తలుపు కాడ నువ్వు నిలబడ్డవు. పొద్దుగాల్నుంచి ఏం తినలే. ఎవలో ఇచ్చిన బిస్కటు చేతుల పట్టుకోని, తినొచ్చునా అన్నట్టు నా దిక్కు చూస్తున్నవు. నా నోరు మూతపడ్డది. బట్ట సుట్టేసిన.”

“అమ్మా...”

“గొల్లుమని ఏడ్చిన. మొగుని కోసం అనుకున్నరు అందరు. ఎవల కోసం ఏడుస్తున్ననో నాకే తెల్వదు.”

“మరి బ్యాటు ఎందుకు పెట్టినవు?”

“ఊరంత సూస్తుంది. ఆయన పానంగ సూసుకున్న వస్తువును పెండ్లాం పెట్టకపోతే అనుమానం రాదా?” విశ్రాంతమ్మ కొంగుతో ఫోటో మీది చెమ్మ తుడిచింది. అది ఆమె కన్నీళ్ళ చెమ్మే. “ఇంకోటి కూడా ఉంది. ఆ పెట్టెల ఉన్నాయన ఎవలో పాపం. మా ఆయన పేరు మోస్కోని మట్టిలకు పోతున్నడు. ఉత్తచేతుల్తోటి ఎట్ల సాగనంపుత?”

మాట్లాడుతూ ఆమె ఒక్కసారి ఆగిపోయింది. గురవయ్య చెప్పిన మాట ఇప్పుడే లోపలికి దిగినట్టుంది. “పగిడయ్యనా అన్నా? మన పగిడయ్యనా? మా ఇంట్ల ఎన్ని ఆదివారాలు తిన్నడు. గేటు కాడ్నుంచే ‘వదినా, పులుసు ఉందా’ అని కేకేసేటోడు. ఆ పిల్లగాని కాళ్ళేనా నేను...”

ఇరవై ఒక్క ఏళ్ళు ఆలస్యంగా ఆమె ఆ మనిషి కోసం ఏడ్చింది. అంత పెద్ద మనిషి గురవయ్య కూడా నేలమీదికి జారి, ఆమె పాదాల దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఒకరికి తెలియకుండా ఒకరు దాచిన అబద్ధాన్ని ఇన్నేళ్ళు చెరొక వైపు నుంచి మోశారు ఆ ఇద్దరూ. దీవెన గుంజకు ఆనుకుని వాళ్ళను చూస్తూ నిలబడింది. కోపం ఎటో పోయింది. దాని చోట ఒక ఆశ తల ఎత్తింది. ఆ ఆశ అంటేనే ఆమెకు భయం వేసింది.

“అయితే నాయన చావలేదేమో,” అంది.

విశ్రాంతమ్మ, గురవయ్య ఇద్దరూ తలెత్తారు.

“బతికుండి వచ్చి, నాయనే బ్యాటు తీస్కపోయి ఇచ్చిండేమో.”

“ఎట్ల తీసిండు బిడ్డా?” అన్నాడు గురవయ్య బొంగురు గొంతుతో. “పలక కదల్లే అంటివి గదా.”

వసారా బయట మంచు ఇంకా దట్టమైంది. పదకొండు కావస్తున్నా ఎదురింటి పెంకులు కనిపించడం లేదు. విశ్రాంతమ్మ కళ్ళు తుడుచుకుని, కొంగు నడుముకు దోపుకుని లేచింది. దీవెన ఆ కదలికను ఎన్నోసార్లు చూసింది. తల్లి ఏదైనా తేల్చుకున్నప్పుడు అలాగే లేస్తుంది.

“పూల్‌సింగ్‌కు కబురు పెట్టు. శనివారం దాక ఆగేది లేదు. రేపే ఎల్దాం. ఆ బ్యాటు ఎవలు తెచ్చిన్రో నేను అడగాలె. సచ్చినోడు తెచ్చినా, బతికినోడు తెచ్చినా అడగాలె.”

అప్పుడు లోపలి గదిలో ఫోన్ మోగింది.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. అయిదారుసార్లు మోగాక దీవెన వెళ్ళి ఎత్తింది. మిగిలిన ఇద్దరూ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

“నమస్కారమండీ. దీవెన గారితో మాట్లాడాలి,” అంది అవతలి గొంతు. “నా పేరు హరిప్రసాద్. హాల్ ఆఫ్ ఫేమ్ నుంచి. గురువారం మీరు ఫోన్ చేశారట.”

“నేనే సార్. ఆ రాకెట్ మీకు ఎవరు ఇచ్చిన్రు?”

“అదేమిటి మేడమ్, మీ మనిషే కదా తెచ్చింది. ఉత్తరం వేయడానికి రెండు రోజుల ముందు. ఇచ్చే ముందు మా వెనక కోర్టులో ఒక ఆట కూడా ఆడారు. ఏం ఆటండీ అది! మా కుర్రాళ్ళకు ఒక్క బంతీ అందలేదు. పేరు అడిగితే, ఇంటివాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళే చెప్తారన్నారు.”

“మనిషి ఎట్లుంటడు? చాలా ముసలాయనా?”

“ముసలాయనేమిటండీ?” హరిప్రసాద్ నవ్వాడు. “ముప్పై అయిదు దాటి ఉండవు. పొడుగు మనిషి. మీ అన్నయ్య అనుకున్నాను.”

“నాకు అన్నలు లేరు సార్.”

అవతల నవ్వు ఆగింది. హరిప్రసాద్ గొంతు తగ్గించి మాట్లాడాడు.

“మేడమ్, ఆయన ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. పొద్దున తలుపులు తీసేసరికే లోపల, ఆ అద్దాల పెట్టె ముందు కూర్చుని ఉన్నారు. తాళం నా దగ్గరే ఉంది. ఎలా వచ్చారో నాకు అర్థం కావడం లేదు. మీకు ఫోన్ చేస్తున్నానని నేను చెప్పలేదు... లేచి ఇటే వస్తున్నారు.” ఫోన్‌లో ఏదో గరగర. “విశ్రాంతమ్మ గారు అక్కడ ఉన్నారా అని అడుగుతున్నారండీ. ఇవ్వమంటారా?”

దీవెన రిసీవరు చెవి నుంచి దించి తల్లి వైపు తిరిగింది. అడగాల్సిన అవసరం లేకుండానే తల్లి దగ్గరికి వచ్చి దాన్ని తీసుకుంది. చెవికి ఆనించుకుని, ఎవరి పేరూ పిలవకుండా, “నేనే. చెప్పు,” అంది.

తర్వాత వింటూ నిలబడింది. ఆమె పెదవులు మెల్లగా రంగు మారుతున్నాయి. దీవెన ఆమె మొహంలోకి మొహం పెట్టి అడిగింది. “నాయనేనా అమ్మా? నాయన గొంతేనా?”

విశ్రాంతమ్మ తల అడ్డంగా ఊపింది. రిసీవరు మీద అరచెయ్యి మూసి, కూతురిని దాటి, గుమ్మం పట్టుకుని నిలబడ్డ గురవయ్య వైపు చూసింది.

“పగిడయ్య,” అంది. “‘వదినా, గురవన్న నీ పక్కనే ఉన్నడా’ అని అడుగుతున్నడు.”